బేర్డెడ్ డ్రాగన్ ట్యాంకుకు లైట్లు: ఏవి కొనాలి, ఎంత ఎత్తులో పెట్టాలి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. డల్లాస్‌లో ఉంటున్నారు. బాబు అడిగాడని మూడు నెలల బేర్డెడ్ డ్రాగన్ (తొండ లాంటి పెంపుడు బల్లి) పిల్లను తెచ్చారు. 40 గాలన్ల గాజు ట్యాంకు, పైన ఇనుప జాలీ మూత. దుకాణంవాళ్లు కిట్‌లో మెలికలు తిరిగిన చిన్న యూవీబీ (ఎండలో ఉండే, కంటికి కనబడని ఒక రకం కిరణాలు) బల్బు ఒకటి, పగటికి వేడినిచ్చే తెల్ల బల్బు, రాత్రికి ఎర్ర బల్బు ఇచ్చారు. ఇవి సరిపోతాయా, లేకపోతే ఏం కొనాలి అని అడిగారు.

తెల్ల బల్బు ప్రస్తుతానికి ఉండనివ్వండి. ఎర్రది ఇవాళే తీసేయండి. మెలికల బల్బు బదులు 22 అంగుళాల, 24 వాట్ల టీ5 హెచ్‌ఓ (సన్నగా ఉండి ఎక్కువ కాంతినిచ్చే రకం) యూవీబీ ట్యూబును, రిఫ్లెక్టర్ ఉన్న ఫిక్చర్‌తో, అంటే ట్యూబు బిగించే పట్టీతో కలిపి ఈ వారంలోనే కొనండి. ఇప్పుడు ఒక్క వస్తువుకే డబ్బు ఉందనుకుంటే అది దీనికే పెట్టండి. ఎందుకో, ఎక్కడ బిగించాలో వివరంగా రాస్తున్నాను. సరైన ట్యూబు కొని కూడా తప్పు ఎత్తులో పెట్టి జంతువును పాడుచేసుకునేవాళ్లు చాలామంది.

ఈ జంతువు ఆస్ట్రేలియా లోపలి మెట్ట ప్రాంతాలది. మన తొండ కూడా ఈ కుటుంబానిదే. ఊళ్లో తొండ పొద్దున్నే కంచె మీదికి ఎక్కి వీపు ఎండకు తిప్పి కూర్చుంటుంది, ఒళ్లు కాగాక దిగి పురుగుల వేటకు పోతుంది, మధ్యాహ్నం నీడకు చేరుతుంది. బేర్డెడ్ డ్రాగన్ పగలంతా చేసేదీ అదే. ఎండ, నీడ, వాటి మధ్య తిరిగే వీలు, ఈ మూడూ ట్యాంకులో దొరకాలి. ఎండలో వేడి, యూవీబీ, వెలుతురు ఒకే సూర్యుడి నుంచి వస్తాయి. మనం కొనే దీపాల్లో ఏ ఒక్కటీ ఈ మూడింటినీ సరిగా ఇవ్వలేదు. కాబట్టి మూడు పనులకు మూడు దీపాలు అని లెక్క వేసుకోండి.

ముందు యూవీబీ సంగతి. 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే కిరణాలు చర్మంలోని ఒక రకం కొలెస్ట్రాల్ మీద పడితే విటమిన్ డీ3కి ముందు రూపం తయారవుతుంది. ఒంటి వేడి తగినంత ఉంటేనే అది డీ3గా మారుతుంది. ఆ తర్వాత కాలేయం, మూత్రపిండాలు దాన్ని ఒంటికి పనికొచ్చే రూపంలోకి తెస్తాయి. అప్పుడే తిన్న కాల్షియం రక్తంలోకి చేరుతుంది. చేరకపోతే ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. మూడు నెలల పిల్ల ఎముకలు పెరిగే వేగం ఎక్కువ, అందుకే నష్టం కూడా త్వరగా కనబడుతుంది. దవడ రబ్బరులా వంగుతుంది, కాలివేళ్లు వణుకుతాయి, నడకలో పొట్ట నేలకు రాసుకుంటుంది, చిన్న ఎత్తు నుంచి దూకినా కాలు విరుగుతుంది. పైన చెప్పినదాంట్లో ఒకటి గమనించండి: వేడి, యూవీబీ ఒకే చోట పడాలి. వేడి దీపం ఒక మూల, యూవీబీ ఇంకో మూల పెడితే, చలికి వేడి దగ్గరే కూర్చునే పిల్లకు యూవీబీ అందదు.

మెలికల బల్బు వద్దనడానికి కారణం దాని పరిధి. గుప్పెడంత జాగాలో మాత్రమే బలంగా ఉంటుంది, నాలుగు అంగుళాలు పక్కకు జరిగితే దాదాపు పడిపోతుంది. పెద్దయ్యాక మీ డ్రాగన్ తోకతో కలిపి అడుగున్నర నుంచి రెండడుగులు ఉంటుంది. ఆ బల్బు కింద తల పెడితే వీపుకు అందదు, వీపు పెడితే తలకు అందదు. బలం పెంచుదామని దగ్గరగా పెడితే ఒక్క చోటే ఎక్కువై కళ్లు దెబ్బతింటాయి. పొడవాటి ట్యూబు ఒళ్లంతా సమంగా తడుపుతుంది, జంతువు అటూ ఇటూ జరిగినా అందుతూనే ఉంటుంది.

ట్యూబు కొనేటప్పుడు పెట్టె మీద "టీ5 హెచ్‌ఓ" అని ఉందో లేదో చూడండి. జూమెడ్ వారి రెప్టీసన్ 10.0, ఆర్కేడియా వారి 12 శాతం, ఈ రెంటిలో ఏదైనా మీ ట్యాంకుకు సరిపోతుంది. 14 శాతం ట్యూబు ఎత్తైన ఎన్‌క్లోజర్లకు, అంటే జంతువును ఉంచే పెద్ద పెట్టెలకు. 16 అంగుళాల ఎత్తున్న మీ ట్యాంకులో దాని అవసరం లేదు. 5.0, 6 శాతం అని రాసినవి దట్టమైన అడవుల నీడలో బతికే జాతులకు, వాటి జోలికి వెళ్లొద్దు. ఒక కంపెనీ శాతాన్ని ఇంకో కంపెనీ శాతంతో పోల్చి లెక్కలు వేయకండి. ఆ అంకె ఆ ట్యూబు ఇచ్చే కాంతిలో యూవీబీ వాటా మాత్రమే. మొత్తం ఎంత ఇస్తుందనేది వేరే సంగతి.

ఫిక్చర్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. మామూలు 14 వాట్ల టీ5 ట్యూబు, 24 వాట్ల టీ5 హెచ్‌ఓ ట్యూబు పొడవులో ఒకటే, పిన్నులూ ఒకటే. వంటగదిలో కప్‌బోర్డు కింద పెట్టే చవక టీ5 ఫిక్చర్‌లో హెచ్‌ఓ ట్యూబు చక్కగా ఇమిడిపోతుంది, వెలుగుతుంది కూడా. కానీ ఆ ఫిక్చర్‌లోని బ్యాలస్ట్ (ట్యూబుకు వెళ్లే కరెంటును అదుపు చేసే భాగం) ఇచ్చే కరెంటు దానికి చాలదు. చూడ్డానికి లైటు బాగానే ఉంటుంది, యూవీబీ మాత్రం చాలా తగ్గిపోతుంది, ఆ తేడా మన కంటికి కనబడదు. ఫిక్చర్ మీద 24 వాట్ల హెచ్‌ఓ అని ఉండాలి. వెనక మెరిసే అల్యూమినియం రిఫ్లెక్టర్ ఉండాలి. అది లేకపోతే పైకి పోయే వెలుగంతా వృథా, ఉంటే కిందికి వచ్చేది దాదాపు రెట్టింపవుతుంది. ట్యూబుకు ముందు ప్లాస్టిక్ కవర్ ఉంటే తీసేయాలి, అది యూవీబీని ఆపేస్తుంది.

పొడవు విషయంలో ట్యాంకు పొడవులో సగం నుంచి మూడింట రెండు వంతులు చాలు. మీ ట్యాంకు 36 అంగుళాలు, కాబట్టి 22 అంగుళాల ట్యూబు సరిగ్గా సరిపోతుంది. "ఎక్కువ ఉంటే మంచిదే కదా" అని 34 అంగుళాల 39 వాట్లది కొంటారు కొందరు. అప్పుడు ట్యాంకులో నీడ అన్నదే మిగలదు. యూవీబీ చాలనిపించినప్పుడు జంతువు తప్పుకునే చోటు ఉండి తీరాలి. తర్వాత 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఎన్‌క్లోజర్‌కు మారతారు కదా, ఏడాదిలోపు మారాల్సే వస్తుంది, అప్పుడు 34 అంగుళాలది కొనండి.

ఇక ఎత్తు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఇక్కడ దూరం అంటే ట్యూబు నుంచి జంతువు వీపు దాకా, నేల దాకా కాదు. మామూలు కిటికీ జాలీ లాంటి మూత యూవీబీలో 30 నుంచి 50 శాతం దాకా తినేస్తుంది, సన్నని అల్లిక అయితే ఇంకా ఎక్కువ. కాబట్టి జాలీ మీద ఫిక్చర్ పెడితే వీపు దాకా 9 నుంచి 11 అంగుళాలు, జాలీ లేకుండా లోపల బిగిస్తే సుమారు 14 నుంచి 16 అంగుళాలు పెట్టుకుని మొదలుపెట్టండి. మీ ట్యూబు కంపెనీ ఇచ్చే దూరాల పట్టికతో దీన్ని ఒకసారి సరిచూసుకోండి, తేడా ఉంటే వాళ్ల అంకెనే పాటించండి. మీ ట్యాంకు ఎత్తు 16 అంగుళాలు. ట్యాంకు అడుగున పరిచినది 1 అంగుళం, దాని మీద 4 అంగుళాల ఎత్తు రాయి, ఆపైన కూర్చున్న పిల్ల ఎత్తు 1 అంగుళం, మొత్తం 6. మిగిలింది 10 అంగుళాలు. సరిగ్గా కావలసిన దూరం. పిల్ల పెరిగి ఒళ్లు 2, 3 అంగుళాల ఎత్తుకు వచ్చాక రాయిని అంత మేర దించండి. కొమ్మలు, ఊయలలు పెట్టే వాళ్లు ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. రాయి లెక్క సరిగా వేసి, దాని పక్కనే జాలీకి 4 అంగుళాల దూరంలో ఊయల కట్టేస్తారు. జంతువు దాంట్లోనే పడుకుంటుంది, రెండు వారాలకు కళ్లు వాస్తాయి.

అంకెల్లో చెప్పాలంటే, బాస్కింగ్ చోట, అంటే జంతువు ఒళ్లు కాచుకునే చోట, వీపు ఎత్తులో యూవీ సూచిక (యూవీ బలాన్ని చెప్పే అంకె) 4 నుంచి 6 మధ్య ఉండాలి. అక్కడి నుంచి చల్లటి మూలకు వెళ్లేకొద్దీ తగ్గుతూ సున్నా దగ్గరకు రావాలి. సరీసృపాలు తమంతట తాము ఎంత ఎండలో కూర్చుంటాయో కొలిచి వాటిని నాలుగు ఫెర్గూసన్ జోన్లుగా విభజించారు. బేర్డెడ్ డ్రాగన్ మూడో జోన్‌లోకి వస్తుంది. దీన్ని కచ్చితంగా కొలవగలిగేది సోలార్‌మీటర్ 6.5 అనే పరికరం. అది 200 డాలర్ల పైమాటే, ఒక్క జంతువున్న ఇంటికి కొనమని చెప్పను. మీ ఊళ్లో సరీసృపాలు పెంచేవాళ్ల క్లబ్బు ఉంటే ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. ఎండ తగిలితే రంగు మారే కార్డులు యూవీ ఉందని మాత్రమే చెబుతాయి, ఎంత ఉందో చెప్పవు. ఒక మినహాయింపు: మీది హైపో, ట్రాన్స్‌లూసెంట్ లాంటి లేత రంగు రకమైనా, పొలుసులు లేని సిల్క్‌బ్యాక్ అయినా చర్మానికి రక్షణ తక్కువ. వాటికి సూచిక 2, 3 దగ్గర ఆపండి, అంటే ట్యూబు ఇంకొంచెం దూరంగా ఉండాలి.

ట్యూబు ఎప్పుడూ తల పైనే ఉండాలి. పక్క గాజు మీద నిలువుగా పెడితే కిరణాలు నేరుగా కంట్లో పడతాయి. పై నుంచి పడినప్పుడు కంటిపైని గట్టు నీడ ఇస్తుంది. గాజు పలక మీదుగా మాత్రం ఎప్పుడూ పెట్టకండి, గాజు యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కిటికీ పక్కన ట్యాంకు పెడితే ఎండ తగులుతుందిలే అనుకోవడం కూడా ఇలాంటి పొరపాటే. యూవీబీ రాదు సరికదా, ఎండలో గాజు ట్యాంకు నిమిషాల్లో మసిలిపోయి జంతువు చచ్చిపోతుంది.

ఇప్పుడు వేడి. పార్38 ఆకారంలో (ముందువైపు వెడల్పుగా) ఉండే హాలొజెన్ ఫ్లడ్ బల్బు, అంటే వెలుగును విశాలంగా పరిచేది, మేలు. దాని వేడి చర్మం దాటి కండ దాకా దిగుతుంది. పింగాణీ హీటర్ల వేడి పైపైన చర్మాన్నే కాలుస్తుంది. "స్పాట్" అని రాసిన సన్నటి కిరణం వద్దు, వీపు మీద రూపాయి బిళ్లంత చోటే కాలిపోయి మిగతా ఒళ్లు చల్లగా ఉంటుంది. ఒళ్లు కాగలేదని జంతువు అక్కడే కూర్చుంటుంది, ఆ ఒక్క చోట బొబ్బ లేస్తుంది. తల నుంచి తోక మొదలు దాకా వెలుగు పడాలి. 2023 నుంచి అమెరికాలో ఇళ్లకు వాడే హాలొజెన్ల అమ్మకంపై ఆంక్షలు వచ్చాయి, హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరకడం కష్టమైంది. సరీసృపాల కోసం అమ్మే హాలొజెన్లు తీసుకోండి. అదే ఆకారంలో ఎల్‌ఈడీ ఫ్లడ్‌లు వరసగా పేర్చి ఉంటాయి, పొరపాటున అవి తేకండి, వాటితో ఒళ్లు కాగదు.

10 అంగుళాల దూరానికి 50 లేదా 75 వాట్లు చాలు. ఎన్ని వాట్లు అన్నది గది చలిని బట్టి మారుతుంది, అందుకే 15, 20 డాలర్లకు దొరికే ప్లగ్గు డిమ్మర్ ఒకటి కలిపి కొనండి. డిమ్మర్‌ను సగానికన్నా తగ్గించాల్సి వస్తే చిన్న బల్బు వేయండి, బాగా తగ్గిస్తే వెలుతురు ఎర్రబడిపోతుంది. థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే పరికరం) పెట్టదలిస్తే డిమ్ చేసే రకమే కావాలి. ఆన్, ఆఫ్ చేసే రకం పెడితే పగలంతా దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, బల్బూ త్వరగా పోతుంది.

బాస్కింగ్ రాయి పైభాగం 100 నుంచి 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 నుంచి 43 సెల్సియస్. పిల్లలకు పై అంచు, పెద్దవాటికి కింది అంచు. చల్లటి మూలలో గాలి 75 నుంచి 85 ఫారెన్‌హీట్. గాజుకు అంటించే గుండ్రటి ముల్లు థర్మామీటర్లు గాజు వేడిని చెబుతాయి, వాటిని నమ్మొద్దు. రాయిని కొలవడానికి ఇన్‌ఫ్రారెడ్ గన్, గాలిని కొలవడానికి తీగ చివర ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్. గన్‌ను గాజు బయటి నుంచి గురిపెడితే గాజు వేడే చూపిస్తుంది, మూత తీసి లోపల పెట్టి కొలవండి. దీపం వేసిన గంటన్నర తర్వాత కొలవండి, అంతకు ముందు రాయి ఇంకా కాగుతూనే ఉంటుంది.

వెలుతురు చాలామంది పట్టించుకోరు. హాలొజెన్, ట్యూబు రెండూ వెలిగినా ట్యాంకులో సగం మసకగానే ఉంటుంది. ఎడారి జంతువు మసకలో ఉంటే మందకొడిగా, ఆకలి లేకుండా ఉంటుంది. 6500 కెల్విన్ల (పగటి వెలుగు లాంటి తెలుపు) ఎల్‌ఈడీ బార్ ఒకటి, మొక్కలకు అమ్మేదైనా సరే, ట్యాంకు పొడవునా వేయండి. తెల్లటిదే తీసుకోండి, ఊదా రంగుది కాదు. ఇది మాత్రం వచ్చే నెలకు వాయిదా వేసుకున్నా ఫరవాలేదు.

రాత్రి పూర్తి చీకటి కావాలి. ఎరుపు వాటికి కనబడదని దుకాణాల్లో చెబుతారు, అది నిజం కాదు. వాటి కళ్లకు ఎరుపే కాదు, మనకు కనబడని యూవీఏ కూడా కనబడుతుంది. తల మీద పొలుసు కింద వెలుతురును పసిగట్టే మూడో కన్ను కూడా ఉంది. ఎర్ర బల్బు కింద నిద్ర చెడుతుంది. గది 65 ఫారెన్‌హీట్ కన్నా దిగకపోతే రాత్రి వేడి ఏదీ అక్కర్లేదు, డల్లాస్ ఇళ్లలో అంత చలి ఎప్పుడో గానీ ఉండదు. కరెంటు పోయే శీతాకాలపు రోజులకు వెలుగు లేని పింగాణీ హీటర్ ఒకటి, థర్మోస్టాట్‌తో సహా, దగ్గర ఉంచుకోండి. దాన్ని నడిపే బ్యాటరీయో జనరేటరో ఉంటేనే అది పనికొస్తుంది, లేకపోతే జంతువును దుప్పటి చుట్టిన పెట్టెలో మీతోపాటు వెచ్చటి గదిలో ఉంచండి. కరెంటుతో వేడెక్కే రాళ్లు మాత్రం ఎప్పుడూ వద్దు, వాటి మీద కూర్చున్న జంతువుకు పొట్ట కాలిపోవచ్చు.

దీపాలన్నీ ఒకే టైమర్‌కు కట్టండి. వేసవిలో 13, 14 గంటలు, చలికాలంలో 10, 11. రోజూ ఒకే వేళకు వెలగాలి, మనం లేచినప్పుడు వేసి పడుకునేటప్పుడు ఆర్పే పద్ధతి వద్దు. 24 వాట్ల ట్యూబు, 75 వాట్ల హాలొజెన్, 20 వాట్ల ఎల్‌ఈడీ రోజుకు 12 గంటలు వెలిగితే ఒకటిన్నర యూనిట్ లోపే అవుతుంది.

నిప్పు సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. హాలొజెన్‌కు పింగాణీ హోల్డరే ఉండాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. డోమ్ (బల్బు చుట్టూ ఉండే గుండ్రటి రేకు కప్పు) మీద రాసిన వాట్లకు మించి బల్బు వేయొద్దు. ట్యాంకు అంచుకు క్లిప్పు పెట్టి వేలాడదీయడం నాకు ఎంతమాత్రం నచ్చదు. పిల్లి తగిలినా, వైరు లాగినా డోమ్ తివాచీ మీద పడుతుంది. జాలీ మీద కదలకుండా కూర్చోబెట్టండి, లేదా స్టాండుకు వేలాడదీయండి. కర్టెన్లు రెండడుగుల దూరం. బాబుకు డోమ్ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి, ఆర్పిన పది నిమిషాల తర్వాత కూడా అది కాలుతుంది.

అన్నీ బిగించాక జంతువును చూడండి, అంకెల్లో దొరకనిది అక్కడ దొరుకుతుంది. రాయి మీద కాసేపు నోరు తెరిచి కూర్చుంటే వేడి సరిపడా ఉందన్నమాట, కంగారు వద్దు. రోజంతా చల్లటి మూలలోనే దాక్కుంటే వేడి ఎక్కువ. రోజంతా దీపం కిందే ఒళ్లు నల్లబరచుకుని అతుక్కుపోతే తక్కువ, తిన్నది అరగదు. కొత్త ట్యూబు వేసిన మొదటి వారం కళ్ల మీద ఓ కన్నేసి ఉంచండి. ఒక కన్నో రెండు కళ్లో మూసుకుని ఉండటం, వాపు, దీపం కిందికి రాకపోవడం కనిపిస్తే ట్యూబు ఆర్పి, దూరం కొలిచి, రెండు మూడు అంగుళాలు పెంచి మళ్లీ వేయండి. రెండు రోజుల్లో తగ్గకపోతే సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టరుకు చూపించండి. దవడ మెత్తబడటం, వణుకు లాంటివి కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకండి, అప్పటికి లైటు మార్చినంత మాత్రాన సరిపోదు. లైటు ఎంత బాగున్నా తిండి మీద కాల్షియం పొడి చల్లడం మానొద్దు. డీ3 కలిసిన పొడి మాత్రం డాక్టరు చెప్పినంతే. చర్మంలో తయారయ్యే డీ3కి ఒళ్లే హద్దు పెట్టుకుంటుంది, నోటితో వెళ్లేది హద్దు దాటితే విషమే.

ట్యూబు చివర మార్కర్‌తో బిగించిన తేదీ రాయండి. టీ5 హెచ్‌ఓ అయితే 12 నెలలకు మార్చాలి, ఇంకా తెల్లగా వెలుగుతున్నా సరే. యూవీబీ ముందు పడిపోతుంది, వెలుగు తర్వాత ఎప్పుడో ఆరుతుంది. పాత ట్యూబులో పాదరసం ఉంటుంది, చెత్తబుట్టలో వేయకుండా మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి.

ఇదే చదివి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న బంధువుల కోసం ఇక్కడి నుంచి దీపాలు పంపాలనుకునేవాళ్లకు ఒక మాట. అమెరికా హాలొజెన్లు 120 వోల్టులవి, అక్కడి 230 వోల్టులకు పెట్టగానే పేలిపోతాయి. ఫిక్చర్ బ్యాలస్ట్ మీద 120 నుంచి 277 వోల్టులు అని ఉంటే నడుస్తుంది, 120 అని మాత్రమే ఉంటే నడవదు. ట్యూబు ఒక్కటే పంపి ఫిక్చర్, హాలొజెన్ అక్కడే కొనుక్కోమనడం నయం. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గది 100 ఫారెన్‌హీట్ దాటవచ్చు కాబట్టి, ఆ రోజుల్లో హాలొజెన్‌ను పొద్దున రెండు గంటలకు కుదించి, యూవీబీ ట్యూబు మాత్రం పూర్తి వేళలు నడపాలి.